చెరువుగర్భమున వెలసిన నగరము

చెన్నపట్టణమున మౌంటురోడ్డు వెంట సైదాపేట వైపు పోవువారికి కుడిచేతి దిక్కున నేడు కనబడునదెల్ల అంగళ్ల వరుసలును, ఎత్తైన మేడలును, వాటి నడుమ క్రిక్కిరిసిన జనసమ్మర్దమును మాత్రమే. కాని నూరేండ్లకు పూర్వము ఆ త్రోవను నడచినవారి కన్నులకు అచ్చట ఒక పొడవైన కట్టయు, ఆ కట్ట కావల వానకాలమున కనుచూపుమేర పరచుకొని, వేసవిలో బురదనేలగా కుదించుకొనిపోవు నీటిపట్టును కానవచ్చెడివి. ఆంగ్లేయులు దానిని లాంగ్ ట్యాంకనిరి. దక్షిణమున అడయారు నది సమీపము మొదలుకొని ఉత్తరమున నుంగంబాకము వరకు వంపుతిరిగి యుండిన ఆ జలాశయమునందు మైలాపూరు చెరువనియు, నుంగంబాకము చెరువనియు రెండు భాగములు చెప్పబడుచుండెడివి. పట్టణమునకు పడమటి ఎల్ల అదియే. ఒకవంక దొరలు ఆ నీటిపై పడవపందెములు సాగించుచుండగా, వేరొకవంక రైతులు దానినే నమ్ముకొని పొలములు సాగుచేసికొనుచుండిరి. ఆ చుట్టుపట్టు పల్లెలలో నొకటి మాంబళము. అట్టి నీటిపట్టు ఎండి ఇండ్లస్థలములైన విధమును, ఆ స్థలములను కొన్నవారు ధనమిచ్చి ఏమి కొనిరో, ఏమి కొనజాలకపోయిరో ఆ సంగతిని కొంత సావకాశముగా చెప్పవలెనని నా తలంపు. ఏలయన నేడు త్యాగరాయనగరమని, టి. నగరని పిలువబడు ఆ వాడ తెలుగువారి పేరుతో వెలసి, రెండు మూడు తరముల తెలుగువారికి పుట్టిల్లువంటిదై, వారి జీవనచరిత్రలో విడదీయరాని భాగమైనది.

ఇరువదవ శతాబ్ది తొలి పాదమున చెన్నపట్టణపు గృహస్థులు నివసించిన తీరు వేరు. జార్జిటౌనున గాని, తిరువల్లిక్కేణిలో గాని, మైలాపూరు కోవెల మాడవీథులలో గాని ఇంటికిని ఇంటికిని గోడ యొక్కటే. వీథివైపు అరుగు, లోపల ఆకాశమునకు తెరచిన లోగిలి, దాని వెనుక వంటిల్లు, ఆ వెనుక బావి, చిట్టచివర పశువులకొట్టము, ఇట్లు ఇల్లు ఇరుకుగా లోనికి పొడవై సాగిపోయెడిది. ఇరుగువారి మాట పొరుగువారికి వినబడెడిది; ఇరుగింటి రోగము పొరుగింటికి సోకెడిది. 1921వ సంవత్సరపు జనాభాలెక్కల నాటికి పట్టణమున 5 లక్షల 27 వేలమంది యుండగా, పదియేండ్లు గడచునప్పటికి వారి సంఖ్య 6 లక్షల 47 వేలకు పెరిగెను. కచేరీలు, కళాశాలలు, న్యాయస్థానములు నానాటికి విస్తరించుచుండుటచే గుంటూరు, నెల్లూరు, గోదావరి మండలములనుండి ఉద్యోగార్థులై వచ్చు తెలుగువారును, తంజావూరు, తిరునెల్వేలి సీమలనుండి వచ్చు తమిళులును ఆ పాతవీథులలో నెట్లో యొదిగి కాలము వెళ్లబుచ్చుచుండిరి.

ఇట్టి తరుణమున పట్టణనిర్మాణశాస్త్రమను క్రొత్తవిద్య చెన్నపట్టణమున నడుగిడిన వృత్తాంతము ఒక కథవలె నుండును. స్కాట్లండు దేశీయుడగు పాట్రిక్ గెడ్డీస్ పండితుడు నగరముల పూర్వోత్తరములను పటములలోను, చిత్రములలోను చూపు మహాప్రదర్శన నొకదానిని సమకూర్చి, దానిని 1914లో ఓడకెక్కించి హిందూదేశమునకు పంపెను. మొదటి ప్రపంచయుద్ధము అప్పుడే ఆరంభమైనది. సెప్టెంబరు 22వ తేది రాత్రి చెన్నపట్టణముపై గుండ్లు కురిపించి, నూనెతొట్ల నంటించి పోయిన ఎండెన్ అను జర్మను యుద్ధనౌకయే, కొన్నిదినములకు హిందూమహాసముద్రమున ఆ ప్రదర్శనసామగ్రి యున్న క్లాన్ గ్రాంట్ అను ఓడనుకూడ ముంచివైచెను. ఏండ్ల తరబడి కూర్చిన పటములు సముద్రగర్భమున గలిసినను గెడ్డీస్ అధైర్యపడలేదు. మిత్రులు సేకరించి పంపిన క్రొత్తసామగ్రితో 1915లో చెన్నపట్టణపు సెనేటు భవనమున ప్రదర్శన జరిగి తీరినది. అటుపిమ్మట లాంచెస్టరు అను ఆంగ్ల వాస్తుశిల్పి ప్రభుత్వము కోరికపై ఈ రాష్ట్రములోని పట్టణములను పరిశీలించి, చెన్నరాష్ట్రపు పట్టణనిర్మాణమును గూర్చి 1918లో ఒక గ్రంథమును ప్రకటించెను. 1920లో పట్టణనిర్మాణపు చట్టము శాసనసభ ఆమోదమును పొందెను. ఒక ప్రదేశమును ముందుగా పటముపై గీచి, వీథులు, తోటలు, పాఠశాలలు, అంగళ్లు ఎచ్చటెచ్చట నుండవలెనో నిర్ణయించి, పిమ్మటనే ఇండ్లస్థలములుగ విభజించి యమ్మవచ్చునను అధికారము పురపాలకులకు అప్పుడు లభించినది.

అధికారము లభించినంతమాత్రమున ఊరు వెలయదు. పూనికగల పురుషులు కావలెను. ఆ పూనిక అప్పుడు చెన్నరాష్ట్రము నేలిన జస్టిస్ పక్షపు నాయకులనుండి వచ్చినది. 1920లో చెన్నపట్టణపు కార్పొరేషనుకు ఎన్నికైన తొలి అనధికారాధ్యక్షుడు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి. ఆయన దేవాంగ కులజుడు, తెలుగువాడు, నేతపరిశ్రమయందు పెరిగినవాడు. 1920లో చెన్నరాష్ట్రపు ప్రధానమంత్రిపదవి తనంత తాను చెంతకు రాగా వలదన్న నిస్స్పృహుడు. శ్రీకాళహస్తిసీమకు చెందిన పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారు అదే సంవత్సరము డిసెంబరునుండి స్థానిక స్వపరిపాలనశాఖను వహించి, 1921 మొదలు 1926 వరకు ప్రధానమంత్రిగా రాజ్యభారమును నెరపెను. చట్టమును నడుపవలసిన శాఖయు, ఊరిని నడుపవలసిన సభయు ఒకే పక్షమువారి చేతిలో నుండుటచేతనే చెరువు నెండగట్టి ఊరు నిలుపుట వంటి సాహసకార్యము కాగితములలో మిగిలిపోక కార్యరూపము దాల్చినదని నా నిశ్చయము. 1923-25 సంవత్సరముల ప్రాంతమున మాంబళము చెంతనున్న ఆ చెరువులోని నీరు తీసివేయబడినది. చెరువునేలపై వీథులు గీయబడినవి. 1925 ఏప్రిలులో త్యాగరాయ చెట్టి కీర్తిశేషుడు కాగా, ఆ క్రొత్తనగరమునకు ఆయన పేరే నిలిచినది. నగరము నడిబొడ్డున నున్న ఉద్యానమునకు పానగల్లు రాజావారి పేరు వచ్చెను. ఆయనయు 1928 డిసెంబరులో దివంగతుడయ్యెను.

ఆ నగరపు వీథుల పేర్లన్నిటిని వరుసగా చదివినచో ఒక రాజకీయపక్షపు సభ్యుల జాబితాయు, ఒక ప్రభుత్వకార్యాలయపు ఉద్యోగుల పట్టికయు కలిపి చదివినట్లుండును. ఉస్మాన్ రోడ్డు, గోపతి నారాయణస్వామి చెట్టి రోడ్డు, తణికాచలము రోడ్డు, డాక్టరు నాయరు రోడ్డు, నటేశన్ పార్కు ఇవి పక్షమువారివి. బజ్లుల్లా, హబీబుల్లా, బోగ్, బర్కిట్ ఇవి ఉన్నతపదవులలో నున్నవారివి. పాండీబజారని జనులు పిలుచు వీథియొక్క పూర్ణనామము సౌందరపాండియన్ అంగడి. అదియు ఆ పక్షపు నాయకుని పేరే. హిందువులు, మహమ్మదీయులు, తెలుగువారు, తమిళులు, మలయాళులు, దొరలు అందరి పేర్లు ప్రక్కప్రక్కన పలకలపై నిలిచిన వాడ చెన్నపట్టణమున మరియొకటి యుండుట అరుదు.

ఇక స్థలములు కొన్నవారి సంగతి. ఈ పట్టణమున ఇండ్లస్థలమునకు కొలమానము గ్రౌండు. గ్రౌండన 2,400 చదరపుటడుగులు. అట్టివి 24 చేరిన నొక కాణి. ఎకరమునకు 18 గ్రౌండులకు పైచిల్లర వచ్చును. పాతవీథులలో అరగ్రౌండులో, ముప్పాతిక గ్రౌండులో మూడు తరములు మసలిన కుటుంబములవారికి క్రొత్తనగరమున రెండు గ్రౌండులు, నాలుగు గ్రౌండులు, ధనవంతులకు అంతకు మించియు దొరకుట జమీందారి దొరకినంత సంబరమైనది. పట్టభద్రుడై గుమాస్తాగ చేరి సూపరింటెండెంటుగ విరమించినవాడు, మునసబు, ఉన్నత పాఠశాలలోని ప్రధానోపాధ్యాయుడు, ఊరిలో పొలముగల వకీలు, ఇట్టివారు తొలినాటి కొనుగోలుదారులు. ఉద్యోగము ముగియుచున్నదను కాలమున భవిష్యనిధిలో చేరిన సొమ్ము కొంత, స్వగ్రామమున నమ్మిన మాగాణి వెల కొంత, చాలనిచో ఇల్లాలి మెడలోని కాసులపేరు కొంత కలిపి స్థలము కొనుటయు, మరి రెండేండ్లు ఊపిరి పీల్చుకొని ఇల్లు కట్టుటయు ఆ కాలపు మర్యాద. అప్పుచేసి ఇల్లు కట్టినవాడు లోకులయెదుట ఆ మాట చెప్పుకొనుటకు సిగ్గుపడెడివాడు.

అట్టి స్థలపు క్రయదస్తావేజును విప్పిచూచుట చరిత్రాభిమానికి మంచి విందు. ముద్రకాగితముపై మొట్టమొదట తేది, క్రయకర్త తండ్రిపేరు, కాపురస్థలము. తరువాత ఆ ఆస్తి అమ్మువానికి ఎట్లు సంక్రమించెనో ఆ పరంపర. ప్రతిఫలపు మొత్తము అంకెలలోను అక్షరములలోను. ఆపైన చెక్కుబందీ, అనగా తూర్పున ఫలానా వారి స్థలము, పడమట ముప్పదియడుగుల వీథి యనునట్లు నాలుగు హద్దులు. అటుపిమ్మట సర్వే నంబరు, అడుగులలో పొడవు వెడల్పులు. చివర సాక్షుల వ్రాలు, వ్రాయసకాని పేరు. ఆ దస్తావేజు తెలుగున నున్నను, తమిళమున నున్నను దానిలో అష్టభోగములను ప్రస్తావన తరచుగా కానవచ్చును: నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యములు. పాతిన ధనము, దాచిన ధనము, నీరు, రాయి, స్థిరముగ వచ్చు ఫలము, ఇకముందు రాగల ఫలము, ఇప్పటికే సాగైనది, సాగుకాగలది, ఈ ఎనిమిదింటిపై సర్వస్వామ్యమును కొన్నవానికి ధారపోయుట విజయనగర రాజుల తామ్రశాసనములనాటి ఆచారము. అగ్రహారములు దానమిచ్చిన రాజులు వాడిన పరిభాషయే వందల యేండ్లు గడచి, రాజులు గతించి, సబురిజిస్ట్రారు కచేరీలో నొక విశ్రాంతోద్యోగి రెండు గ్రౌండులు కొనునప్పటి కాగితమున గూడ పదము మారక నిలిచినదనిన, భూమివిషయమున మన జనుల స్మృతి ఎంత దృఢమైనదో తెలియుచున్నది. అయితే ఆ యెనిమిదింటిలో జలమును గూర్చి ఎవరును ఆగి ఆలోచింపలేదు. ఆ భూమి క్రింద నుండిన నీరు ఎవ్వరిదో, ఏటేట కార్తికమాసపు వానలకు ఆ పల్లమును వెదకికొనుచు వచ్చు నీటికి ఎవ్వరు త్రోవ చూపవలెనో ఏ దస్తావేజులోను వ్రాయబడలేదు. నాలుగు హద్దులు తిన్నగ నున్నవా యని టేపుపట్టి చూచినవాడే తన స్థలము చెరువులో ఎంత లోతున నున్నదో విచారింపడయ్యెను.

తొలినాళ్లలో అట్టి విచారమునకు అవసరము లేకపోయెననుట గూడ నిజమే. ఇంటికి నాలుగువైపుల ఖాళీ విడువవలెనను నియమముచేత వాననీరు అచ్చటచ్చటనే యింకిపోయెడిది. ప్రతి పెరటిలోను బావి యుండెడిది. చెరువునేలయగుటచే కొలదిలోతుననే నీరు పడెడిది. గోడలు కలిసిన పాతయిండ్లనుండి వచ్చినవారికి ఆ ఖాళీయే ప్రధానమైన ఆకర్షణ. ముందు పోర్టికో, ఇనుపగేటు, ప్రహరీగోడ, దాని వెంట కొబ్బరిచెట్లు, ఒకటి రెండు మామిళ్లు, తులసికోట, వెనుక మల్లెపందిరి, పక్కన పనివారి గది, ఇట్టివి చేరిన ఇంటిని తమ ఊరిలోని బంధువులకు బంగళాయని పరిచయము చేసికొనుటలో గృహస్థునకు కలిగిన గర్వము క్షంతవ్యమే.

ఇండ్ల కప్పులు కట్టు పద్ధతి ప్రత్యేకముగా చెప్పదగినది. సిమెంటుకాంక్రీటు సర్వసాధారణము కాకమునుపు మద్రాసు టెర్రసను మిద్దె కట్టెడివారు. గోడలపై టేకుదూలములు పరచి, వాటి నడుమ పలుచని చిన్న ఇటుకలను అంచుపై నిలువుగ, ఐమూలగ పేర్చి, గానుగలో నూరిన సున్నముతో నతికెడివారు. ఆపైన ఇటుకముక్కలు సున్నము కలిపిన గచ్చును పరచి, బెల్లపునీళ్లు, కరక్కాయ నానవేసిన నీళ్లు చల్లుచు, స్త్రీలు వరుసగా కూర్చుండి చెక్కబడితెలతో దినములతరబడి కొట్టెడివారు. ఆ దెబ్బల తాళమునకు పాట తోడయ్యెడిది. గచ్చు చేతికి రాయివలె తగులువరకు ఆ పని ఆగదు; దానిపై పలుచని చదరపుపెంకులు పరచి ముగించెడివారు. ఆ మిద్దెలక్రింద వేసవి మధ్యాహ్నమున సైతము చల్లగ నుండెడిదని వాటిలో పెరిగినవారందరు చెప్పుమాట. నేటికిని త్యాగరాయనగరమున నట్టి ఇండ్లు కొన్ని మిగిలియున్నవి; వాటిని పడగొట్టినప్పుడు ఊడదీసిన టేకుదూలములకు మంచి గిరాకి.

రైలుకట్టకు తూర్పున త్యాగరాయనగరము వెలయుచుండగా, పడమట నున్న పాత మాంబళము కొలదిపాటి వేతనముగల వారికి ఆశ్రయమైనది. అచ్చట స్థలము చౌక, వీథులు ఇరుకు, దోమల బాధ మెండు. అయినను కోవెలలు, వైదికులు, భజనలు సమృద్ధిగ నుండుటచే సనాతనాచారపరులు దానినే మెచ్చిరి. 1931వ సంవత్సరము మేనెలలో సముద్రతీరపు స్టేషనునుండి తాంబరమువరకు విద్యుత్తుబండ్లు నడువ నారంభించుటతో ఈ రెండు వాడలకును దశ తిరిగినది. కచేరీకి పోవు గుమాస్తా భోజనము చేసి, తాంబూలము వేసికొని, నెలటిక్కెట్టు జేబున బెట్టుకొని స్టేషనుకు నడచిపోయి, బండి యెక్కి వేళకు కచేరి చేరగలిగెను. ఊరికి దూరమని స్థలము కొన వెనుదీసినవారు అప్పుడు పశ్చాత్తప్తులైరి. 1932లో రామకృష్ణ మిషనువారి పాఠశాల, 1936లో దక్షిణభారత హిందీప్రచారసభ ఈ నగరమునకు వచ్చినవి. గాంధీమహాత్ముడు 1946 జనవరిలో ఆ సభయొక్క రజతోత్సవమునకై విచ్చేసి అచ్చటనే బసచేయగా, ప్రార్థనాసమయమున నగరమంతయు జనసముద్రమయ్యెనని పెద్దలు తలచుకొందురు.

స్థిరాస్తియొక్క అస్థిరత్వమును ఈ గృహస్థులు ఒక్కసారి కన్నులార చూచిరి. 1942 ఏప్రిలులో జపానువారు దండెత్తి వచ్చుచున్నారను వార్త వ్యాపింపగా ప్రభుత్వమే జనులను ఊరు విడువుడని చెప్పెను. లక్షలకొలది జనులు రైళ్లకు, బండ్లకు ఎగబడి స్వగ్రామములకు తరలిపోయిరి. తెలుగువారు నెల్లూరు, బెజవాడ బండ్లలో క్రిక్కిరిసి పోయిరి. పది పదునైదేండ్ల కష్టార్జితముతో కట్టిన ఇంటికి తాళమువేసి, తాళముచెవి ఎవరికీయవలెనో తెలియక తిరిగినవారు కొందరు. వచ్చినంత చాలునని తెగనమ్మి పోయినవారు కొందరు. ధైర్యముచేసి అప్పుడు కొన్నవారు నాలుగేండ్లలో ధనవంతులైరి. ఏలయన యుద్ధము ముగియగానే చెన్నపట్టణమునకు జనము పోటెత్తినది. 1941లో 7 లక్షల 77 వేలుగ నున్న జనసంఖ్య, ఎల్లలు పెరుగుటయు తోడుకాగా, 1951 నాటికి 14 లక్షలు దాటినది. ఇల్లు దొరకుట దుర్లభమై, అద్దెనియంత్రణచట్టములు వచ్చినవి. సొంతయిల్లుగలవాడు క్రింద తాను కాపురముండి మేడమీది పోర్షనును అద్దెకిచ్చుకొనుట అప్పటినుండి పెరిగినది. పోర్షనను ఆ మాట మద్రాసు తెలుగువారి వాడుకలో స్థిరపడినది. ఆ పోర్షనులే తెలుగు చలనచిత్రములవారికి తొలి ఆశ్రయములు.

వడపళనిలో వాహిని స్టూడియో 1948లో వెలయుటయు, దాని వెనువెంటనే కోడంబాకము ప్రాంతమంతయు చిత్రపరిశ్రమకు నెలవగుటయు త్యాగరాయనగరపు అదృష్టమును మార్చినవి. గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు అవకాశములు వెదకికొనుచు వచ్చిన క్రొత్తలో రాత్రివేళ పానగల్ పార్కులో పరుండెడివాడని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఆయనయే పిమ్మట ఆ పార్కునకు చేరువ ఉస్మాన్ రోడ్డులో సొంతయింటివాడయ్యెను. సావిత్రి హబీబుల్లా రోడ్డున, నందమూరి తారకరామారావు బజ్లుల్లా రోడ్డున ఇండ్లు ఏర్పరచుకొనిరి. అదే బజ్లుల్లా రోడ్డున చక్రవర్తి రాజగోపాలాచారి నివాసముండెను. వేకువజామున తిరుపతినుండి వచ్చిన యాత్రికుల బస్సులు రామారావు ఇంటిముంగిట నిలుచుటయు, గుండుచేయించుకొన్న భక్తులు దేవునివేషము వేసిన ఆయనను చూచి చేతులెత్తి మ్రొక్కుటయు ఆ వీథివారికి నిత్యకృత్యమైనది. వేరొక వీథిలో, తిరుమలపిళ్ల రోడ్డున, తొమ్మిదేండ్లు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగ నుండిన కామరాజు జీవితాంతమువరకు అద్దెయింటనే కాపురముండెను. ఊరిలోని గుమాస్తాలందరు సొంతయింటికై తపించుచున్న కాలమున, రాష్ట్రమునేలినవాడు ఒక గజము నేలయైన కొనకుండుట నా మనస్సునకు మిక్కిలి గొప్పగా తోచును. ఆ యింటిని తరువాత ప్రభుత్వము స్మారకమందిరముగ చేసినది.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడి, రాజధాని కర్నూలునకు, 1956లో హైదరాబాదునకు మారుటతో త్యాగరాయనగరపు తెలుగు ఇండ్లలో గొప్ప తర్జనభర్జన జరిగినది. పట్టణము మనదేయని వాదించిన నోళ్లు మూతబడినవి. సచివాలయోద్యోగులు సామానులు కట్టుకొని గుడారముల రాజధానికి పయనమైరి. కొందరు ఇల్లు అమ్ముకొని పోయిరి. కొందరు భార్యాబిడ్డలను ఇచ్చటనే యుంచి తాము మాత్రము పోయిరి. మరికొందరు అద్దెకిచ్చి, మరల వచ్చెదమను ఆశతో దస్తావేజులను పెట్టె అడుగున భద్రపరచిరి. చిత్రపరిశ్రమవారు, వర్తకులు, వైద్యులు, అచ్చాపీసులవారు కదలలేదు. తెలుగువాడు అమ్మిన ఇంటిని తెలుగువాడే కొన్న సందర్భములు పెక్కు.

ఇక్కడినుండి కథ విషాదమువైపు తిరుగును. నల్లి చిన్నసామి చెట్టి 1928లోనే ఇచ్చట పట్టుచీరల అంగడి పెట్టెను. అది ఆ నాడు గృహస్థుల అవసరమునకై యున్న అంగడి. అట్టివి పది యున్నను నివాసపువాడకు చేటులేదు. కాని పట్టువస్త్రములకు కాంచీపురము వెళ్లనక్కరలేకుండ, అవియు, బంగారమును, పాత్రలును ఇచ్చటనే దొరకునను ప్రఖ్యాతి దక్షిణదేశమంతట ప్రాకినకొలది, ఉస్మాన్ రోడ్డుననున్న బంగళాలు ఒకటి తరువాత నొకటి అంగళ్లుగ మారినవి. స్టేషనునుండి ఇంటికి నడచు గృహస్థుల వీథియగు రంగనాథన్ వీథి జనులు ఒకరినొకరు త్రోసికొనక నడువరాని సంతయైనది. దీనిని ఎవ్వరును బలవంతముగ చేయలేదు. ఏ ప్రభుత్వమును ఇండ్లను స్వాధీనపరచుకొనలేదు. ప్రతి యజమానియు తన స్థలమును తాను న్యాయముగ, చట్టబద్ధముగ, మంచి వెలకు అమ్ముకొనెను. కూతురి వివాహమునకో, కొడుకు విదేశవిద్యకో ఆ ధనము సద్వినియోగమైనది. వారినెట్లు తప్పుపట్టగలము? కాని తొలితరమువారు కొన్నది కేవలము రెండు గ్రౌండుల నేల గాదు. ప్రక్కయింటి కొబ్బరితోట, ఎదురింటి నిశ్శబ్దము, సాయంకాలము వీథిలో పిల్లలు నిర్భయముగ నాడుకొను ఏకాంతము, ఇవన్నియు కలిపియే వారు వెల చెల్లించి కొనిరి. ఆ పరిసరములపై ఎవ్వరికిని దస్తావేజు లేదు. అందుచేత ఒక్కొక్క క్రయపత్రముతో ఒక్కొక్క యింటివాడు తనదికూడ కాని ఆ ఉమ్మడిసొత్తును కొంచెము కొంచెము అమ్మివైచెను. పొరుగువానికి అందులో దమ్మిడీయైన రాలేదు. ఈ నష్టమునకు పరిహారము చెప్పు చట్టము నేటికిని మన దేశమున లేకుండుట చట్టమును చేయువారు ఆలోచింపదగిన లోపమని నా మనవి.

నీటివిషయము ఇంతకంటె కఠినమైనది. బావులనిండ నీరున్న వాడలో జనులు పెరిగి, ఖాళీలు తరిగి, బావులు పూడ్చి, గొట్టపుబావులు లోతునకు దింపినకొలది భూగర్భజలము క్రిందికి పోయినది. 1969లో పట్టణమును బాధించిన నీటికరవును ఆధారముగ చేసికొని, సికిందరాబాదున పుట్టి పెరిగి ఈ త్యాగరాయనగరమునకు వచ్చి స్థిరపడిన తమిళరచయిత అశోకమిత్రన్ నీరను అర్థముగల తణ్ణీర్ అను నవలను వ్రాసెను. బిందె నీటికై తెల్లవారుజామున వీథి కుళాయికడ పడిగాపులు గాయు స్త్రీల కథ అది. కొలదిలోతున జలమున్న చెరువునేలపై నిలిచిన నగరమున, రెండు తరములు దాటకముందే జలమే మృగ్యమైనది. ఆ దాహము తీరుటకు కృష్ణానదిని ఆశ్రయింపవలసివచ్చెను. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు తమ వాటాలనుండి ఒక్కొక్కటి 5 శతకోటి ఘనపుటడుగుల నీరిచ్చుటకు సమ్మతింపగా, 1983లో తెలుగుగంగ ఒడంబడికపై తమిళనాటి ముఖ్యమంత్రి ఎం.జి. రామచంద్రనుతో చేయి కలిపిన ఆంధ్రముఖ్యమంత్రి, బజ్లుల్లా రోడ్డున చిరకాలము కాపురమున్న నందమూరి తారకరామారావే. కాలువ తవ్వుటకు పదమూడేండ్లు పట్టినది. 1996లో కృష్ణాజలము పూండి జలాశయమున జేరెను.

నుంగంబాకము చెరువులో మిగిలియున్న భాగమున గూడ ఇండ్లు లేచినవి. 1976లో అచ్చటనే వళ్లువర్ కోట్టమును నిర్మించిరి. ఆ ప్రాంతమునకు లేక్ ఏరియా యను పేరు మాత్రము మిగిలినది. చెరువునకు చేరవలసిన వాననీటికి త్రోవగా మాంబళము కాలువ యొక్కటి నగరము వెన్నుగుండ సాగి, నందనము దాటి అడయారున కలియును. ఆ యిరుకు కాలువ, దానిలో పడిన చెత్త, దాని గట్టున లేచిన కట్టడములు, ఇవి చాలవన్నట్లు ప్రతి ప్రహరీలోపలి నేలను రాళ్లతోను సిమెంటుతోను కప్పివేయుట, ఇన్నియు కూడి 2021 నవంబరు వానలలో త్యాగరాయనగరపు వీథులను దినములతరబడి నీటముంచినవి. వచ్చిన నీరు క్రొత్తది కాదు. కార్తికమాసమున ఎప్పుడును అది వచ్చు పల్లమునకే వచ్చినది.

ఇప్పుడు అచ్చట ఆస్తి కొనువారు చాలవరకు ఫ్లాటు కొనువారే. రెండు గ్రౌండుల పాతయింటిని యజమానులు కట్టడపుదారునకు అప్పగింతురు; అతడు దానిని పడగొట్టి ఎనిమిది ఫ్లాటులు కట్టి, కొన్నిటిని వారికిచ్చి, కొన్నిటిని అమ్ముకొనును. అట్లు కొన్నవాని దస్తావేజులో అవిభక్తభాగమని 4,800 చదరపుటడుగులలో 600 మాత్రము వ్రాయబడును. ఆ భాగమెక్కడ నున్నదో వ్రేలుపెట్టి చూపుటకు వీలులేదు. చెట్టు నాటుకొనుటకు, బావి తవ్వుకొనుటకు అది పనికిరాదు. అయినను చెన్నపట్టణమున ఫ్లాటు వెలను నిశ్చయించువారు గోడలకంటె ఆ కనబడని నేలకే ఎక్కువ విలువ కట్టుదురు. క్రొత్తకట్టడములన్నియు స్తంభములపై లేచుచున్నవి. క్రింద కార్లు నిలుపుదురు, వరద వచ్చినప్పుడు కార్లను ఎత్తైన వంతెనలపైకి తరలింతురు. మూలపత్రములు, ఋణభారము లేదను ధ్రువపత్రము, పురపాలకుల అనుమతిపటము ఇవి చూపుటకు దళారి సంచి విప్పకమునుపే కొనువాడు ఇప్పుడు అడుగుమాట ఒకటి యున్నది: ఈ వీథిలో వానకు నీరు నిలుచునా, నిలిచినచో ఎన్ని మెట్లవరకు వచ్చును? దళారి చెప్పు బదులును నమ్మక, ప్రక్కనున్న పాతయింటి గోడపై మిగిలిన చారను తానే వెళ్లి చూచుకొని, ఆపైన బేరమునకు కూర్చుండును.